రిచర్డ్ గారి శ్రుతి

చాపెల్ రోడ్డు వెనక సందులో ఉన్న ఆ చిన్న తెలుగు చర్చిలో హార్మోనియం దగ్గర కూర్చునే హక్కు సుగుణమణిది. ఆ హక్కు ఎవరూ రాసివ్వలేదు. పాస్టర్లు మారారు, పైకప్పు మీద రేకులు పోయి స్లాబు పడింది, బెంచీలు పోయి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చి, అవి ఒకటొకటిగా విరిగి మళ్ళీ బెంచీలే వచ్చాయి. ఆమె మాత్రం మారలేదు. ఆదివారం ఆమెకన్నా ముందు వచ్చి ఎవరైనా ఆ పెట్టె మూత ఎత్తితే, "జర లేస్తరా?" అని ఎంతో మర్యాదగా అడుగుతుంది. ఆ మర్యాదలో ఎంత మంట ఉంటుందో లేచినవాళ్ళకే తెలుసు.

ఈ పెట్టె విద్య ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. ఆయన నాంపల్లిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి పేర్చేవాడు. అక్షరాలు ముందూ వెనకా అయితే ప్రూఫు దిద్దేవాళ్ళు ఆ రెండింటి చుట్టూ మెలికలు తిరిగిన గీత గీసి పంపేవాళ్ళు. దానికి ప్రెస్సులో ‘పాము’ అని పేరు. "ఇయ్యాల నాలుగు పాములు కరిచినయ్" అంటూ ఇంటికి వచ్చేవాడు. వేళ్ళకు అంటిన సిరా కడుక్కుని, హార్మోనియం ముందేసుకుని, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకునేవాడు. పిల్లకి పాట వచ్చిందో లేదో, వెంటనే దాన్ని మరో మెట్టు మీద నుంచి వాయించమనేవాడు. అదీ వచ్చాక ఇంకో మెట్టు.

"పాట ఒక్కతాన ఉండదు బిడ్డా. పాడేటోని గొంతు యాడుంటే ఆడికి పోతది. దాన్ని మోసుకపోవుడే మన పని" అనేవాడు.

హార్మోనియం తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. తెల్ల మెట్లను ఒకటి, రెండు, మూడు అని ఏడు దాకా లెక్కపెడతారు. మధ్యలో వచ్చే నల్ల మెట్లు ఒకటిన్నర, రెండున్నర, అట్లా. పాట ఏ మెట్టు ఆధారంగా నిలబడితే అది ఆ పాట శ్రుతి. మెట్టు మారిస్తే వేళ్ళ దారంతా మారిపోతుంది. నల్లది తెల్లదవుతుంది, బొటనవేలు ఉండాల్సిన చోటికి ఉంగరం వేలు వస్తుంది. వినేవాళ్ళకు మాత్రం అదే పాట. స్వరానికీ స్వరానికీ మధ్య దూరం వీసమంతైనా తేడా రాదు. ఇల్లు మారినా వంట మారనట్టు.

పెద్దయ్యాక ఆమె గన్‌ఫౌండ్రీ దగ్గర ఒక బాలికల బడిలో లెక్కల టీచరైంది. అక్కడా ఇదే గోల. సమీకరణంలో అటు ఉన్నదాన్ని ఇటు తెస్తే ప్లస్సు మైనస్ కావాలి. ఆ ఒక్కటి మరిచిపోయే పిల్లలకు ఆమె చేతిలో సుద్దముక్క దెబ్బ తప్పేది కాదు. సాయంత్రాలు ఇంటికి వచ్చే ఇంటర్ పిల్లలకు మాత్రికలు చెప్పేది. అడ్డు వరుసలను నిలువు వరుసలు చెయ్యాలి, రెండోసారి తిప్పితే మళ్ళీ మొదటికే వస్తాయి. "భయమెందుకు? తిప్పింది మళ్ళ తిప్పుకోవచ్చు" అని ధైర్యం చెప్పేది. లెక్కల్లో అది నిజమే.

కొడుకు జాబెజ్ చదువు అయిపోయి, పిల్లల గుండె జబ్బుల దవాఖానలో ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్‌గా చేరాడు. చేరిన కొత్తలో ఒకరోజు అన్నం ముందు కూర్చుని, తినకుండా చెప్పుకొచ్చాడు. కొందరు పిల్లలకు గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద నాళాలు పుట్టుకతోనే తారుమారు అయి ఉంటాయట. పిల్ల నీలంగా అయిపోతుందట. డాక్టర్లు రెండింటినీ కోసి, ఉండాల్సిన చోట్లకు మార్చి కుడతారట. "గా తారుమారునే ట్రాన్స్‌పొజిషన్ అంటరు మమ్మీ, నువ్వు పాటకు మెట్టు మారుస్తవ్ గదా, దానికీ గదే పేరు" అన్నాడు.

ఆ మాట వినగానే తండ్రి రిచర్డ్ పడీపడీ నవ్వాడు. "మీ తాత అక్షరాలు తిప్పిండు. మీ అమ్మ పొద్దుగాల లెక్కలు తిప్పుతది, ఐతారం పాటలు తిప్పుతది. నువ్వు నాళాలు తిప్పబట్టినవ్. ఇంగ నేనేం తక్కువ తిన్ననా? గా బండ్లకెల్లి గీ బండ్లకు పార్సిళ్ళు తిప్పిన." ఆయన నాంపల్లి స్టేషన్ పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. ఇంటిల్లిపాదిదీ ఒకే వృత్తి అని తేలిందని ఆ పూటంతా ఆయనకు సంబరం. ఈ తిప్పుడు పనిలో తానే ఒక పార్సిల్ అయి, భార్య చేతుల మీదుగా మెట్టు మెట్టుకూ మారుతున్నాడని ఆయనకు తెలియదు. తెలియదనే సుగుణమణి అనుకునేది.

ఆ సంగతి మొదటి నుంచి చెప్పాలి.

రిచర్డ్ మెదక్ నుంచి ఉద్యోగానికి వచ్చినవాడు. బండ్లు వచ్చీపోయే చోట పనిచేసేవాడికి గొంతు పెద్దదవుతుందంటారు. ఆయనది పుట్టుకతోనే పెద్దది. వచ్చిన ఏడే గుడ్ ఫ్రైడే నాడు మెదక్ వైపు పాత కీర్తన ఒకటి పాడతానని ముందుకొచ్చాడు. సిలువ కింద నిలబడ్డ తల్లి గురించిన పాట అది. రాసిందెవరో ఎవరికీ తెలియదు. ఆ చర్చిలో ఆ రోజు పద్ధతే వేరు. హార్మోనియం శ్రుతి మాత్రం పట్టి ఊరుకుంటుంది. పల్లవి పాడేవాళ్ళు ఒంటరిగా పాడాలి. చరణంలోనే పెట్టె వచ్చి కలుస్తుంది. అంతదాకా అక్కడ వాయించిన తన తండ్రికి చూపు మందగించడంతో ఆ ఏడు పెట్టె దగ్గర సుగుణమణి కూర్చుంది. ఏ శ్రుతి కావాలని కొత్త మనిషిని అడిగింది. "నాకు గవన్నీ తెల్వయ్. నేను ఎత్తుకుంట, నువ్వు ఎతుక్కో" అన్నాడు. ఎత్తుకున్నాడు. ఆమె వెతుక్కుంది. రెండున్నర. ఏడాది తిరిగేసరికి పెళ్ళయింది.

అప్పటి నుంచి ప్రతి గుడ్ ఫ్రైడేకీ ఆ పాట ఆయనదే, ఆ రెండున్నర ఆయనదే. చర్చిలో పసిపిల్లలు పెరిగి పెళ్ళిళ్ళు చేసుకునే దాకా ఆ పాట ఇంకొకరి నోట విననే లేదు. ఆబిడ్స్‌లో బట్టల కొట్టువాళ్ళు కూడా "పాట సారు" అనే పిలిచేవాళ్ళు. ఆయనకు దాంతో కొంచెం తల తిరిగిన మాట కూడా నిజమే.

జాబెజ్ బడికి పోతున్న రోజుల్లో, ఒక గుడ్ ఫ్రైడే నాడు పై స్వరం దగ్గర ఆ గొంతు చీలింది. రిచర్డ్ దగ్గి కప్పిపుచ్చుకున్నాడు. చరణం ఎలాగో ముగించాడు. ఇద్దరూ ఇంటికి నడిచి బయలుదేరారు. ఆబిడ్స్ పోస్టాఫీసు దగ్గర రోడ్డు దాటేటప్పుడు ఎప్పుడూ ఆమె మోచెయ్యి పట్టుకునేవాడు, ఆ రోజు పట్టుకోలేదు. ఇంటికొచ్చాక, చర్చి ముందు రోడ్డు తవ్వుతున్నారనీ, దుమ్మంతా గొంతులోకి పోయిందనీ అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత సుగుణమణి నోటి చివరి దాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మింగేసింది. అంత పెద్ద మనిషి మార్కులు తక్కువొచ్చిన పిల్లాడిలా గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మరుసటి ఏడు గుడ్ ఫ్రైడే ముందు వారమంతా రోజూ పొద్దున్నే అల్లం రసంలో తేనె కలిపి ఇచ్చింది. ఆ రోజు రాగానే పెట్టె మీద రెండున్నర వదిలి రెండు పట్టింది. పాట నదిలా సాగింది. ఇంటికి వస్తూ దారి పొడుగునా ఒకటే గొప్పలు.

"చూసినవా సుగుణా? గొంతు మళ్ళ తిరిగొచ్చింది."

"ఔ మరి, అల్లం రసమంటే ఏమనుకున్నరు?" అంది ఆమె.

అట్లా మొదలైంది. కొన్నేళ్ళకొకసారి, పై స్వరం దగ్గర ఆయన మెడ నరం బిగుసుకోవడం కనిపిస్తే చాలు, వచ్చే ఏటికి పాట అరమెట్టు దిగేది. రెండు పోయి ఒకటిన్నర. తరవాత ఒకటి. అక్కడితో అంకెలు అయిపోతే కింది వరస మెట్లలోకి జారి ఏడు. చివరికి ఆరున్నర. అంకె చూస్తే పెరిగినట్టు, గొంతు చూస్తే దిగినట్టు. ప్రతిసారీ పేరు అల్లానికే దక్కింది. కుర్రవాళ్ళను నిలబెట్టి, "నా వయసొచ్చినంక గిదే శ్రుతిల పాడి చూపియ్యున్రి, అప్పుడు మాట్లాడున్రి" అని ఆయన సవాలు చేస్తుంటే, ఆమె పెట్టె మీద లేని దుమ్ము తుడుస్తూ తల వంచుకునేది. ఆ అబద్ధం ఆమెకు ఎంతో ఇష్టంగా ఉండేది. పెళ్ళాం మొగుడికి పెట్టగలిగే ముద్దల్లో అదొకటి అనుకునేది.

నిరుడు వానాకాలంలో రిచర్డ్ పోయాడు. పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్నాడు, అంతే. నారాయణగూడ సమాధుల తోటకు చర్చి అంతా వచ్చింది. సుగుణమణి ఏడవలేదు. ఆ వచ్చిన ఆదివారమే పెట్టె దగ్గర కూర్చుంది. "గట్టి మనిషి" అన్నారు. ఆమె గట్టి మనిషి కాదు. ఏం చెయ్యాలో తెలియక, తెలిసిన పని చేసింది.

ఈ ఏడు ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాలు మొదలవుతుండగా పాస్టర్ తాతారావు గారు వచ్చి, ఆ పాటను లోయిస్‌తో పాడిద్దామనుకుంటున్నానని మెల్లగా చెప్పారు. లోయిస్ కోఠీలో డిగ్రీ చదువుతున్న పిల్ల, మంచి గొంతు. సుగుణమణి "మీ ఇష్టం అయ్యగారు" అంది. ఆ మాట వరకు బాగానే ఉంది.

గుడ్ ఫ్రైడేకి ముందు వారం ఒక సాయంత్రం పాట సాధన పెట్టుకున్నారు. సుగుణమణి పెట్టె తెరిచి ఆరున్నర పట్టింది. లోయిస్ ఎత్తుకుంది. పైన ఉన్నంతసేపూ గొంతు బాగానే ఉంది. పాట సిలువ కిందికి, తల్లి దగ్గరికి దిగే చోట మాత్రం బావిలో జారిన చెంబులా అడుక్కి పోయి వినబడకుండా అయింది. మళ్ళీ పాడింది. మళ్ళీ అదే.

"సుగుణమణమ్మా, కొంచెం పైకి పెడితే అమ్మాయికి సుఖంగా ఉంటుందేమోనండీ" అన్నారు పాస్టర్ గారు.

"గా పాట గీడనే ఉంటది అయ్యగారు."

"అది కాదమ్మా, పిల్ల గొంతు..."

"రిచర్డ్ గారు గీడనే పాడెటోళ్ళు."

ఇంకేం మాట్లాడతారు? పోయిన మనిషి పేరు అడ్డం పెడితే ఎంతటి పాస్టర్ అయినా నోరు మూసుకోవాల్సిందే. ఆ సంగతి సుగుణమణికి తెలుసు, తెలిసే పెట్టింది. లోయిస్ ఆమె ముఖంలోకి చూసి, "పరవాలేదు ఆంటీ, నేను ప్రాక్టీస్ చేస్త. వస్తది" అంది.

ఆదివారం కాచిగూడ నుంచి వచ్చిన జాబెజ్ చెవిన ఈ మాట పడింది. "గదేంది మమ్మీ? నువ్వు ఎన్నడన్న గట్ల చేసినవా? ఎవల గొంతుకు తగ్గట్టు వాళ్ళకు పెడ్తవు గదా?" అన్నాడు.

"నీకు తెల్వదు, ఊకో" అంది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కానీ ఆ మొండితనం వెనక ఏముందో ఆమె కొడుక్కి చెప్పుకోలేకపోయింది. ఆరున్నర దేవుడిచ్చిన శ్రుతి కాదని ఆమెకు తెలియదా? దాన్ని అక్కడికి తెచ్చింది తన వేళ్ళే. రిచర్డ్ బట్టలు ఎవరికో ఇచ్చేశారు. కళ్ళద్దాలు జాబెజ్ తీసుకుపోయాడు. ఆయన చివరిసారి నిలబడి పాడిన చోటంటూ మిగిలింది ఆ నల్ల మెట్టు ఒక్కటే. అక్కడి నుంచి పాటను లేపితే ఆయన్ను లేపి పంపేసినట్టే. ఆ పని తన చేతులతో చెయ్యలేనని ఆమె భయం. ఆ భయం కోసం ఒక ఆడపిల్ల గొంతు నలిగిపోతుందన్న ఆలోచన వచ్చినప్పుడల్లా, లేచి వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది.

గుడ్ ఫ్రైడే నాడు మిట్టమధ్యాహ్నం. ఎండకి సందులో కుక్కలు కూడా లేవు. చర్చి నిండా తెల్ల చీరలు, తెల్ల చొక్కాలు. సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఒకదాని తరవాత ఒకటిగా ప్రసంగాలు సాగుతున్నాయి. మూడో మాట అయ్యాక లోయిస్ లేచి ముందుకొచ్చింది. సుగుణమణి ఎడమ చేత్తో గాలి కొడుతూ ఆరున్నర పట్టింది.

పిల్ల ఎత్తుకుంది. వారమంతా కష్టపడినట్టే ఉంది, పల్లవి మొదటి సగం గట్టెక్కింది. రెండో సగంలో పాట కిందికి దిగింది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ముందు వరసలో ఒకామె విసనకర్ర ఆపి పక్కామె చెవిలో ఏదో అంది. లోయిస్ ఎవరి వైపూ చూడటం లేదు. పెట్టె వైపే, సుగుణమణి వైపే చూస్తోంది. ఆ చూపులో ఫిర్యాదు లేదు, తన వల్ల పెద్దామె మనసు కష్టపడుతుందేమోనన్న బెదురు మాత్రం ఉంది. చున్నీ కొస గుప్పిట్లో నలుపుతూ, ముఖం పక్కకు తిప్పి, చిన్నగా దగ్గింది.

ఆ దగ్గు సుగుణమణికి తెలుసు. గొంతులో దుమ్మేమీ లేకపోయినా వచ్చే దగ్గు అది. ఒకనాడు ఆ దగ్గు విని తట్టుకోలేక, మొగుడికి మళ్ళీ ఆ అవమానం జరగకూడదని ముప్పై ఏళ్ళు అబద్ధమాడింది తను. ఇప్పుడు అదే అవమానాన్ని తన చేతులతో ఈ పిల్లకి చేస్తోంది. అదీ ఆయన పేరు మీద. ఆమెకు సిగ్గేసింది. జీవితంలో ఇంత సిగ్గు ఆమె ఎరగదు.

గాలి కొట్టడం ఆపేసింది. పెట్టె మూలిగి మూగబోయింది. గుడ్ ఫ్రైడే ఆరాధనలో పాట మధ్యలో ఆగడం ఆ చర్చి ఎరగదు. తాతారావు గారు కుర్చీలో ముందుకు వంగారు. సుగుణమణి వేలు ఆరున్నర మీద నుంచి లేచి, మెట్లన్నీ దాటుకుంటూ పోయి, రెండున్నర మీద ఆగింది. నొక్కింది.

"లోయిస్, మళ్ళ మొదటికెల్లి ఎత్తుకో బిడ్డా" అంది, అందరికీ వినబడేలా.

లోయిస్ ఎత్తుకుంది. ఈసారి కిందికి దిగినప్పుడు కూడా గొంతు గొంతుగానే ఉంది. ఒక్కొక్క మాటా చివరి బెంచీ దాకా పోయింది. చరణం దగ్గర పెట్టె కలవాలి. సుగుణమణి వేళ్ళకు ఆ దారి అలవాటు తప్పి ఎన్నేళ్ళయిందో, మొదట్లో రెండుసార్లు తడబడింది. తరవాత దారి దొరికింది. దారి దొరికాక ఆమెకు ఒక ఆశ పుట్టింది. ఇది ఆయన మొదటి శ్రుతి. మెదక్ నుంచి కొత్తగా వచ్చిన ఆ కుర్రవాడు ఈ మెట్టు మీదనే నిలబడ్డాడు. ఇక్కడికి వచ్చింది కాబట్టి ఆ గొంతు ఒక్కసారి వినిపిస్తుందేమో అనుకుంది. చెవులు రిక్కించి వింది.

వినిపించలేదు. రిచర్డ్ ఊపిరి చాలక ఆగే చోట ఈ పిల్ల ఆగలేదు, నేరుగా సాగిపోయింది. రిచర్డ్ గట్టిగా లాగే చోట ఈ పిల్ల మెత్తగా వదిలింది. పాట అదే. శ్రుతి అదే. పాడుతున్నది మాత్రం లోయిస్. ఆయన ఆరున్నరలోనూ లేడు, రెండున్నరలోనూ లేడు. సుగుణమణి కళ్ళ నుంచి నీళ్ళు కారడం మొదలైంది. ఎడమ చెయ్యి గాలి కొట్టాలి, కుడి చెయ్యి మెట్ల మీద ఉండాలి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అవి గడ్డం మీదుగా కారి తెల్ల చీర మీద పడుతూనే ఉన్నాయి. ఆమె పాట చివరి దాకా వాయించింది, ఒక్క స్వరం తప్పకుండా.

మూడు దాటాక ఆరాధన ముగిసింది. ఆ రోజు పలకరింపులు ఉండవు. అందరూ మౌనంగా చెప్పులు వేసుకుని ఎండలోకి వెళ్ళిపోయారు. లోయిస్ మాత్రం పెట్టె దగ్గరికి వచ్చి నిలబడింది.

"సారీ ఆంటీ. నాతోని మధ్యల ఆపాల్సొచ్చింది."

"నీతోని గాదు, నాతోని. మంచిగ పాడినవ్ బిడ్డా. వచ్చే ఏడు గూడ నువ్వే పాడాలె. ఎంత పైకి గావాల్నో ముందుగాల చెప్పు, గంత పైకి పెడ్త."

లోయిస్ తల ఊపింది. పోదామా వద్దా అన్నట్టు ఇంకా అక్కడే నిలబడి ఉంది. సుగుణమణి ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది.

"మీ అంకుల్ పోయిన్రు, లోయిస్" అంది.

నిరుడు సమాధి మీద అందరితో పాటు గుప్పెడు మట్టి వేసిన పిల్ల. అయినా ఆ కబురు తనకు అప్పుడే అందినట్టు, "ఔ ఆంటీ" అని, ఆమె పక్కనే కూర్చుంది.